అరచేతి వీరులు, వాళ్ల రంగులు

సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట నుంచి చేర్యాలకు పోవాలంటే దారిలో సిద్దిపేట ఒక్కటే పెద్ద ఊరు. ఆ చేర్యాలలో నకాశీ కుటుంబాలు తరతరాలుగా పొనికి కర్రతో వీరులను, దేవతలను, పశువులను చెక్కి రంగులు వేస్తున్నాయి. యూరప్, అమెరికాల్లో ఇలాంటి పనే చాలామందికి సెలవునాటి సరదా. కత్తి దూసిన యోధుడు, కోరల రాక్షసుడు, మంత్రదండం పట్టిన ముసలి మాంత్రికుడు, నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మలను రంగు లేకుండా కొని తెచ్చుకుంటారు. టేబుల్ లైటు వెలుగులో సన్న కుంచెతో వాటికి ప్రాణం పోస్తారు. పగలు బ్యాంకులో, బడిలో, ఆస్పత్రిలో పనిచేసి వచ్చినవాళ్లే రాత్రి ఈ బొమ్మల ముందు కూర్చుంటారు.

మన దగ్గర ఇది కులవృత్తి, అక్కడ అభిరుచి. వృత్తిగా ఇది చిక్కిపోతోంది. చేర్యాలలో ఈ పని పట్టుకుని ఉన్న కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మరోవైపు అక్కడి అభిరుచి ఒక పెద్ద పరిశ్రమను పోషిస్తోంది. ఈ రెండూ ఒకదానికొకటి ఏమైనా ఇచ్చిపుచ్చుకోగలవా? సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు పిల్లలు, పెద్దలు ఒక బొమ్మను ముందు పెట్టుకుని కుంచె పట్టే రోజు రావాలంటే ఏం ఉండాలి, ఇప్పటికే ఏం ఉంది?

ముందు అక్కడి కథ. బల్ల మీద యుద్ధం ఆడటం ప్రష్యా సైన్యంలో శిక్షణగా మొదలైంది. 1824లో రైస్‌విట్జ్ అనే అధికారి ‘క్రీగ్‌స్పీల్’ నియమాలను అచ్చువేశాడు. దాన్ని సైనికుల బొమ్మలతో ఇంటి ఆటగా జనంలోకి తెచ్చినవాడు ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్. ఆయన ‘లిటిల్ వార్స్’ పుస్తకం 1913లో వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం బల్ల మీద నిలబడినవాళ్లు ఎక్కువగా చరిత్రలోని సిపాయిలే. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రాసిన ‘చెయిన్‌మెయిల్’ నియమాల్లో డ్రాగన్లకు, మాంత్రికులకు చోటు దొరికింది. గైగాక్స్ 1974లో డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట తెచ్చాక ఊహాలోకపు పాత్రల బొమ్మలకు గిరాకీ మొదలైంది.

ఆ గిరాకీని ఒడిసిపట్టింది గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ సంస్థ. 1975లో లండన్‌లో పుట్టింది, తర్వాత నాటింగ్‌హామ్‌కు మారింది. 1979లో సిటడెల్ పేరుతో బొమ్మల పోత మొదలైంది. 1983లో ‘వార్‌హామర్’ ఆట, 1987లో ‘వార్‌హామర్ 40,000’ వచ్చాయి. అదే 1987లో రంగులు వేసినవాళ్ల కోసం ‘గోల్డెన్ డీమన్’ అనే పోటీ పెట్టారు. ఆటలో గెలుపుతో దానికి పని లేదు, చూసేది కుంచె పనితనాన్నే. ఈ సంస్థ 2024 డిసెంబరులో లండన్ స్టాక్ మార్కెట్‌లోని వంద అగ్రశ్రేణి కంపెనీల సూచీలోకి చేరింది. అందుకు కారణాలు చాలా ఉన్నా మూలంలో ఉన్నది ఒక సాదా నిర్ణయం: బొమ్మను పూర్తి చేసి అమ్మకూడదు. ప్లాస్టిక్ చట్రంలో చేతులు, తలలు, ఆయుధాలు విడివిడిగా వస్తాయి. కొన్నవాడే వాటిని కత్తిరించి, అతికించి, రంగు వేయాలి. అలా పని మిగిల్చి ఇవ్వడం వల్లే కొన్నవాడికి ఆ బొమ్మ మీద మమకారం పెరిగింది. ఒక బొమ్మ కొన్నవాడికి కుంచెలు, రంగులు, జిగురు, చివరకు పుస్తకాలు కూడా కావాల్సి వచ్చాయి.

ఇక మన వైపు. చేర్యాల నకాశీల పేరు చెప్పగానే అందరికీ ఎర్రటి నేపథ్యం మీద గీసిన పటాలు గుర్తొస్తాయి. ఆ పటాలు గోడకు వేలాడదీయడానికి పుట్టినవి కావు, కథ చెప్పడానికి పుట్టాయి. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, పులిని వాహనం చేసుకున్న భావనారుషి కథ చెబుతారు. సిరిసిల్ల నేతన్నల ఇళ్లకు ఈ కథ పరాయిది కాదు. కథకుడు పటాన్ని ఒక్కొక్క అడ్డవరస విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ రాత్రంతా పాడతాడు.

గొల్లలకు కథ చెప్పే మందెచ్చులవాళ్లు మాత్రం పటానికి బదులు బొమ్మలు పట్టుకొస్తారు. ఈ వ్యాసానికి వాళ్లే కీలకం. నకాశీలు చెక్కి రంగులు వేసిన కర్రబొమ్మలు పదుల సంఖ్యలో పెట్టెల్లో వస్తాయి. రాజులు, వీరులు, వీరపత్నులు, దేవతలు, ఆవులు అందులో ఉంటాయి. ఏ పాత్ర వంతు వస్తే ఆ బొమ్మ చేతికి వస్తుంది, ముందుకు వచ్చి నిలబడుతుంది. చెప్పే కథ కాటమరాజుది. పదమూడో శతాబ్దంలో నెల్లూరు సీమలో పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరి దగ్గర తగువు పుట్టి, నల్లసిద్ధి రాజు సేనకూ యాదవ వీరులకూ పాలేరు ఒడ్డున ఎర్రగడ్డపాటిలో యుద్ధం జరిగిందని కథ చెబుతుంది. నల్లసిద్ధి పక్షాన పోరాడి పడిపోయిన ఖడ్గతిక్కన, మహాభారతం తెనిగించిన తిక్కన సోమయాజికి దగ్గరి బంధువు. ఓడి ఇంటికొచ్చినప్పుడు ఆడవాళ్లు స్నానానికి పసుపు పెట్టి అవమానిస్తే తిరిగి యుద్ధానికి వెళ్లి ప్రాణమిచ్చాడనే ఘట్టం తెలుగువాళ్లందరికీ తెలిసిందే. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ కథాచక్రాన్ని సేకరించి పరిష్కరించడంతో అది పుస్తకరూపంలోనూ నిలిచింది.

ఇరుపక్షాల వీరులు, దేవతల జోక్యం, మాయలు, మంద కోసం యుద్ధం, దానికి రంగులేసిన బొమ్మల సైన్యం అన్నీ ఇందులో ఉన్నాయి. వెల్స్ తన పుస్తకం రాయడానికి ఎంతో ముందు నుంచే కాటమరాజు కథ తెలుగు నేల మీద నడుస్తోంది. ఇందులో గొప్పలకు పోవాల్సింది లేదు. ఒకచోట ఆట కోసం, ఇంకోచోట కథ కోసం బొమ్మల సైన్యాలు తయారయ్యాయి. అయినా రెండింటికీ ఒక లక్షణం ఉమ్మడి. ఏ బొమ్మ విడిగా పూర్తి కాదు, పక్క బొమ్మతో కలిసినప్పుడే అర్థమవుతుంది. షోకేసులో పెట్టే ఒంటరి బొమ్మకు ఈ బలం లేదు. చేర్యాల బొమ్మలను దుకాణంలో ఒక్కొక్కటిగా, పేరు కూడా చెప్పకుండా అమ్ముతున్నప్పుడు పోయేది ఈ బలమే.

పనితనాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే పోలికలూ తేడాలూ స్పష్టంగా కనబడతాయి. చేర్యాల బొమ్మకు పొనికి కర్ర వాడతారు. తేలికైనది, మెత్తనిది, ఉలికి ఎదురు తిరగదు. చెక్కాక రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దతో వంపులు, ముక్కు, చెవులు, నగలు తీరుస్తారు. ఆరాక సుద్ద పూత. దాని మీద రంగులు. పూర్వం ఇంగిలీకం ఎరుపుకు, హరిదళం పసుపుకు, నీలి, దీపం మసి, శంఖపు తెలుపు వాడి తిరుమణి బంకతో కలిపేవారు. కుంచె ఉడుత వెంట్రుకలది. ఇప్పుడు చాలావరకు కొన్న రంగులే. చివరన నల్లగీతతో కళ్లు, మీసం, అంచులు దిద్దుతారు. రంగు ఎక్కడికక్కడ ఒకే మందంలో, నీడలు లేకుండా ఉంటుంది.

ప్లాస్టిక్ వీరుడికి కూడా ఇదే వరస, చేయి మాత్రం వేరు. సుద్ద పూత చోటున ప్రైమర్ వస్తుంది. దాని మీద మూలరంగు. తర్వాత ‘వాష్’ అనే పల్చటి ముదురు రంగు పోస్తే అది మడతల్లోకి జారి నీడలు పడతాయి. కుంచెలో రంగు దాదాపు తుడిచేసి గరుకుగా రాస్తే పైకి లేచిన చోట్ల మాత్రమే లేతరంగు అంటుకుంటుంది. దీన్ని డ్రై బ్రష్ అంటారు. అంచుల మీద సన్న వెలుగు గీత పడ్డాక బొమ్మ పూర్తవుతుంది. ఈ బొమ్మల్లో మనిషి ఎత్తు 28 నుంచి 32 మిల్లీమీటర్లు, కన్ను ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. అంత చిన్న ఒంటి మీద నిజమైన వెలుతురు తగినంత నీడ వేయలేదు కాబట్టి చిత్రకారుడే నీడను గీసి చూపించాలి. మందెచ్చుల బొమ్మలు చేతిలో ఎత్తి జనానికి చూపించేంత పెద్దవి. దీపపు వెలుతురులో, దూరాన కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలియాలి. నిండు రంగు, నల్ల అంచు అందుకే. నీడలు దిద్దడం రానందువల్ల నకాశీ బొమ్మ అలా ఉందనుకోవడం తప్పు. అది దాని పని కోసం ఎంచుకున్న పద్ధతి. ఈ సంగతి తెలియకుండా చేర్యాల వీరుడికి ఐరోపా తరహా నీడలు దిద్దితే రెండింటికీ చెడ్డ బొమ్మ తయారవుతుంది.

అందువల్ల నేర్చుకోవాలనుకునేవాళ్లకు చేర్యాల పద్ధతి మొదటి మెట్టుగా చాలా మంచిది. నిండు రంగు గీత దాటకుండా వేయడం, ఆపైన చేయి వణకకుండా ఒక్క గీతలో అంచు లాగడం వస్తే కుంచె సగం లొంగినట్టే.

సామాను విషయంలో భయపడాల్సిందేమీ లేదు. స్పెయిన్ వల్లెహో రంగులు, సిటడెల్ రంగులు మంచివే, కానీ మన దగ్గర ఖరీదు. ఫెవిక్రిల్, కామ్లిన్ అక్రిలిక్ రంగులు కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా స్టేషనరీ దుకాణంలో దొరుకుతాయి. వాటిని సీసాలో ఉన్నట్టే వేస్తే బొమ్మ ముఖంలోని చెక్కుడు పూడిపోతుంది. నీళ్లు కలిపి పాలంత పల్చగా చేసి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేయాలి. తొందరపడేవాళ్లంతా తప్పేది ఇక్కడే. రంగు ఎండిపోకుండా ఉండాలంటే మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి టిష్యూ పరచి, దాని మీద బటర్ పేపర్ వేసి అందులో రంగు కలుపుకుంటే చాలు. విరిగిన చేయి, చాలని జుట్టు తీర్చడానికి విదేశీయులు ‘గ్రీన్ స్టఫ్’ అనే ఎపాక్సీ ముద్ద వాడతారు. మన దగ్గర కుళాయి పైపుకు పూసే ఎం-సీల్‌తో చాలావరకు ఆ పని జరుగుతుంది. అసలు ఖర్చు పెట్టాల్సింది కుంచె మీద. మొన కూడే సున్నా, ఒకటి నంబరు కుంచెలు రెండు మంచివి ఉంటే డజను నాసి కుంచెల కన్నా మేలు. ముంగిస వెంట్రుకల కుంచెలు మాత్రం ఎవరు ఇస్తామన్నా కొనకూడదు. ముంగిస వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉంది, ఆ కుంచెల అమ్మకం నేరం.

ఆరోగ్యం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పాత రంగులు సహజమైనవి కాబట్టి హాని లేనివనే మాట తరచూ వినబడుతుంది. హరిదళం ఆర్సెనిక్ సల్ఫైడ్. ఇంగిలీకం పాదరసపు సల్ఫైడ్. రాయి నుంచి వచ్చినంత మాత్రాన విషం పోదు. మొన కూడటానికి కుంచెను నోట్లో పెట్టుకునే అలవాటు ఇక్కడా అక్కడా ఉంది. దాన్ని మొదటి రోజే మానిపించాలి. విదేశాల్లో మొదటి తరం బొమ్మలు సీసం కలిసిన లోహంతో పోసినవి. 1990ల్లో ఆ సీసంపై ఆందోళన పెరిగాకే కంపెనీలు సీసం లేని మిశ్రమాలకు మారాయి. ఇళ్ల, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న మన దేశపు నియమాలు 2016లో వెలువడి 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. పిల్లల చేతికి ఇచ్చే రంగు డబ్బా మీద ఆ మాట రాసి ఉందో లేదో చూడటం పెద్దల పని. త్రీడీ ప్రింటర్‌తో రెజిన్ బొమ్మలు తీసేవాళ్లకు ఇంకో జాగ్రత్త అవసరం. గట్టిపడని రెజిన్ చర్మానికి పడదు. గ్లౌజులు, గాలి ఆడే గది, అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

త్రీడీ ప్రింటింగ్ ప్రస్తావన ఊరికే తేలేదు. విదేశీ బొమ్మలు ఇక్కడికి రావడం కష్టమైపోయింది కాబట్టి ఇక్కడే ప్రింట్ చేసుకోవడం ఒక దారి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. అయితే హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవాళ్ల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. దిగుమతికి తలుపు మూసి, నకాశీకి తెరిచిన విధానమిది. ఇంత అనుకూలం ఉన్నా రంగు వేయని బొమ్మల మార్కెట్ మీద చూపు పెట్టకపోవడం బాధ కలిగించే విషయం.

చేయి తిరిగినవాళ్లకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. కరీంనగర్ వెండి తీగ పని, అంటే ఫిలిగ్రీ, దేశమంతా పేరున్నది. వెంట్రుకంత తీగను మెలితిప్పి అతికే చేతులవి. సిరిసిల్ల నేత కళాకారుడు నల్ల విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకున్నారు. అదే పట్టణంలోని వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద నేసిన జి20 చిహ్నాన్ని ప్రధాని 2022 నవంబరులో ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు వినాయక విగ్రహాల తయారీ షెడ్లలో పనివాళ్లు కంప్రెసర్‌కు తగిలించిన స్ప్రే గన్‌తో పొట్ట మీద ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకు రంగును కరిగించే తీరు చూడదగ్గది. బొమ్మల అభిరుచిపరులు వాడే ఎయిర్‌బ్రష్ ఆ గన్‌కు చిన్న రూపమే. చవితి ముందు నెలల్లో ఊపిరి సలపనంత పని, మిగతా ఏడాది ఆ చేతులకు రంగు పని పలచబడుతుంది. బొమ్మలకు రంగులేయడం నేర్పే బడి ఒకటి ఈ ప్రాంతంలో పెడితే గురువులను ఎక్కడి నుంచో తెప్పించాల్సిన అవసరం లేదు.

తెలుగు నేల మీద మిగతా బొమ్మల ఊళ్ల అనుభవం కూడా పనికొస్తుంది. కొండపల్లిలో తెల్ల పొనికి కర్ర, మక్కు (రంపపు పొట్టు, చింతగింజల పిండి ముద్ద) వాడతారు. అంబారీ ఏనుగు, దశావతారాలు అక్కడి పేరున్న వరసలు. నిర్మల్ వాళ్లు నిగనిగలాడే ఎనామెల్ రంగులకు మారి పండ్లకు, పక్షులకు పేరు తెచ్చుకున్నారు. ఇద్దరినీ వేధిస్తున్నది పొనికి కొరత. చెట్టు నరికినంత వేగంగా నాటలేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో దారి వేరు. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క రంగు ఎక్కిస్తారు. సి.వి. రాజు చెట్ల రంగులను తిరిగి నిలబెట్టారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగును మార్చుకుంటే బొమ్మకు కొత్త కొనుగోలుదారు దొరుకుతాడని ఏటికొప్పాక చూపించింది. కొన్నవాడినే రంగు వేయమనే ఆలోచన మాత్రం చేర్యాలతో కలిపి ఈ నాలుగు ఊళ్లలోనూ పెద్దగా వేళ్లూనలేదు.

అది వేళ్లూనాలనేదే ఈ వ్యాసం వాదం. సుద్ద పూత దాకా పూర్తిచేసిన కాటమరాజు, ఖడ్గతిక్కన, నాలుగు ఆవులు, ఒక దేవత, వాటితో ఆరు రంగులు, ఒక కుంచె, ఎవరికి ఏ రంగు ఎందుకో చెప్పే చిన్న పుస్తకం కలిపి ఒక పెట్టెలో పెట్టి అమ్మవచ్చు. ఎత్తు విషయంలో విదేశీ కొలతను అనుకరించకూడదు. ముప్ఫై మిల్లీమీటర్ల బొమ్మలో కనురెప్ప దాకా చెక్కించుకునే గట్టిదనం పొనికికి లేదు. నాలుగు వేళ్ల ఎత్తు నుంచి జానెడు దాకా ఆ కర్రకు సరిపోతుంది, కొత్తగా నేర్చుకునే చేతికీ అదే సులువు. ఇంకా చిన్నది కావాలనే నగరపు కుర్రాళ్ల కోసం అదే నకాశీ చెక్కిన మూలబొమ్మను స్కాన్ చేసి రెజిన్‌లో తీయవచ్చు. అయితే ఆ స్కాన్ మీద వచ్చే ప్రతి రూపాయిలో చెక్కినవాడికి వాటా ఉండాలి.

ఇక్కడే అభ్యంతరాలు వస్తాయి, అవి న్యాయమైనవే. మందెచ్చుల బొమ్మలు వాళ్లకు ఆట వస్తువులు కావు. కథ మొదలయ్యే ముందు పూజ అందుకునేవి. కథ చెప్పుకునే హక్కు, దానికి దాత కులం ఇచ్చే సంభావన వాళ్ల జీవనాధారం. ఎవరో పట్నపు వ్యాపారి ఆ బొమ్మల రూపురేఖలను ప్లాస్టిక్‌లో పోసి అమ్మితే నష్టపోయేది నకాశీ ఒక్కడే కాదు, కథకుడు కూడా. అందుకే పెట్టెలోని పుస్తకానికి కథ చెప్పే పని మందెచ్చులవాళ్లదే కావాలి, దానికి డబ్బు కూడా వాళ్లకే అందాలి. సెల్‌ఫోన్‌లో స్కాన్ చేస్తే వాళ్ల గొంతులోనే కథ వినబడేలా చేయడం ఇవాళ కష్టమైన పనేమీ కాదు. పూజలో ఉండే పాత బొమ్మలకు, అమ్మకానికి చేసే కొత్త బొమ్మలకు మధ్య తేడా ఎక్కడ ఉండాలో వాళ్లే నిర్ణయించాలి.

ఇంకో అభ్యంతరం చట్టానిది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. నమోదైన హక్కుదారులు మాత్రమే ఆ పేరు వాడుకోగలరు. చేర్యాల చిత్రకళకు ఆ గుర్తింపు ఉంది. ఎల్లంతకుంటలో ఒక డిగ్రీ విద్యార్థిని రంగులు దిద్దిన కాటమరాజు ఎంత బాగున్నా చేర్యాల బొమ్మ అని అమ్మడానికి వీల్లేదు, అలా అమ్మకపోవడమే ధర్మం కూడా. చెక్కిన చేయి చేర్యాలది, రంగు దిద్దిన చేయి ఆ అమ్మాయిది. బొమ్మ పీఠం అడుగున ఇద్దరి పేర్లకూ చోటు వదిలితే సరిపోతుంది. ఒక పేరు అమ్మకానికి ముందే చెక్కి ఉంటుంది, రెండోది కొన్నవాళ్లు రాసుకుంటారు.